గీజర్, స్మార్ట్ స్విచ్చులు, కెమెరా: ఆదివారం ఒక్కణ్నే పెట్టుకోవచ్చా? (బెంగళూరు, రీసేల్ ఫ్లాటు)

మారతహళ్లి_మధు
మారతహళ్లిలో పన్నెండేళ్ల పాత డబుల్ బెడ్రూం ఫ్లాటు. మూడు పనులున్నాయి. బాత్రూంలో 25 లీటర్ల గీజర్ బిగించాలి, హాలు బోర్డులో స్మార్ట్ స్విచ్ మాడ్యూళ్లు పెట్టాలి, గుమ్మం బయట వైఫై కెమెరా. వీడియోలు చూశాను, అంత కష్టంగా ఏం లేవు. డ్రిల్లు మిషను, టెస్టరు ఉన్నాయి. ముందు గీజర్ ఇన్‌స్టలేషన్ కోసం నెట్లో దొరికిన నంబరుకి ఫోన్ చేస్తే 10 రూపాయల రిజిస్ట్రేషన్ అని లింకు పంపారు, వాట్సాప్‌లో ఏదో యాప్ కూడా. ఆ తర్వాత ఫోన్ ఎత్తరు. విసుగొచ్చి నేనే చేసుకుందామనుకుంటున్నా. ఏమేం కొనాలి? ఏది ముందు? డీబీ (కరెంటు మెయిన్ స్విచ్చుల పెట్టె) ఫోటో పెట్టాను.
[జత చేసిన ఫోటో: 1]

చిత్తూరోడు
వీడియోలో అన్నీ పదైదు నిమిషాల పనే అన్నా. నువ్వు వీడియో చూసినావని గోడకి తెలీదు గదా.

రౌటరమ్మ
గీజర్ సంగతి తర్వాత. ఆ యాప్ ఫోన్లో వేశారా?

మారతహళ్లి_మధు
వేశాను. "కస్టమర్ సపోర్ట్" అని పేరు. ఏవో పర్మిషన్లు అడిగితే ఓకే అన్నా. 10 రూపాయలు కట్టే పేజీలో కార్డు నంబరు కొట్టాను గానీ ఓటీపీ ఇవ్వలేదు. డబ్బులేం పోలేదు.

రౌటరమ్మ
ఇంకా పోలేదు, అంతే. ఓటీపీ మీరు ఇవ్వక్కర్లేదు, ఎస్సెమ్మెస్ పర్మిషన్ ఇచ్చాక ఆ యాపే చదువుకుంటుంది. చదవడమే కాదు, మీ సిమ్ నుంచి మెసేజ్ పంపగలదు కూడా. యూపీఐ యాపులు ఫోన్‌ని గుర్తుపట్టేది మీ సిమ్ నుంచి వెళ్లే మెసేజ్‌తోనే. యాక్సెసిబిలిటీ కూడా ఇచ్చుంటే స్క్రీన్ మీద మీరు నొక్కేది కూడా వాళ్లకి కనపడుతుంది.

ఇప్పుడు, ఈ వరసలోనే చెయ్యండి. ఆ ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, వైఫై కూడా ఆగిందో లేదో చూడండి. ఇంట్లో ఇంకొకరి ఫోన్ నుంచి బ్యాంకుకి కాల్. నంబరు కార్డు వెనకాల ఉంటుంది, మళ్లీ గూగుల్లో వెతక్కండి, ఇంత జరిగిందే అలా వెతికినందుకు. కార్డు బ్లాక్, యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపమనండి. వెంటనే 1930కి (సైబర్ మోసాల హెల్ప్‌లైన్) చెప్పండి. ఆ తర్వాతే మీ ఫోన్లో వాళ్ల నంబరు, లింకు, యాప్ పేరు స్క్రీన్‌షాట్లు తీసి, వాటిని వేరే ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి. రీసెట్ కొట్టాక సాక్ష్యం మిగలదు.

చివర్న ఫ్యాక్టరీ రీసెట్. యాప్ అన్‌ఇన్‌స్టాల్ చేస్తే చాలదా అంటారు చాలామంది. డివైస్ అడ్మిన్‌గా (ఫోన్ మీద పెత్తనంతో) కూర్చుంటే అన్‌ఇన్‌స్టాల్ బటనే పనిచెయ్యదు, ఐకాన్ దాచేసుకునేవి కూడా ఉన్నాయి. జీమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్లు వేరే ఫోన్లోంచి మార్చండి. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ చూడండి. రీసెట్ అయ్యాక *#21# కొట్టి కాల్స్ ఇంకెక్కడికైనా మళ్లుతున్నాయేమో చూడండి, ఉంటే ##002# అన్నిటినీ తీసేస్తుంది.

పాతకాపు
పైన చెప్పినదానికి బ్యాంకు వైపు నుంచి ఒక ముక్క. 2017 జులై నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్ ప్రకారం తప్పు మనదీ బ్యాంకుదీ కాకుండా మధ్యలో ఇంకెక్కడో జరిగితే, మూడు పనిదినాల్లోపు చెప్పినవాళ్లకి నష్టం సున్నా. నాలుగు నుంచి ఏడు రోజులైతే పరిమితంగా పడుతుంది. పిన్నో ఓటీపీయో మనమే ఇచ్చామని తేలితే మాత్రం బ్యాంకుకి చెప్పేదాకా పోయింది మనదే, చెప్పాక పోయింది బ్యాంకుది. అంటే ఫిర్యాదు చేసిన టైమే మీకు రక్ష. కాల్ సెంటర్లో మాటతో సరిపెట్టక ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోండి. ఆపైన సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో పెట్టండి.

10 రూపాయలే ఎందుకంటే ఎవరూ ఆలోచించరు గనక. వాళ్లకి కావలసింది ఆ పది కాదు, ఆ పేజీలో మీరు కొట్టే అంకెలు.

మారతహళ్లి_మధు
మా ఆవిడ ఫోన్లోంచి బ్యాంకుకి చేస్తున్నా. లైన్లో పాటలు వినిపిస్తున్నాయి.

గోంగూర_560066
బెస్కాం (బెంగళూరు కరెంటు సంస్థ) పేరుతో వచ్చే మెసేజూ ఇదే బాపతు. "ఈ రాత్రి 9.30కి మీ కరెంటు కట్, ఈ ఆఫీసరుకి ఫోన్ చెయ్యండి" అని. పదంకెల సొంత మొబైల్ నంబరు నుంచి వస్తుంది. అనుమానం ఉంటే బెస్కాం 1912కి మనమే చేసి అడగాలి. గీజర్‌కైతే కంపెనీ నంబరు వారంటీ కార్డు మీదా, గీజర్ ఒంటికి అతికించిన రేటింగ్ స్టిక్కరు మీదా ఉంటుంది.

పాతకాపు
డబ్బు పోకుండా ఒట్టి మోసపు కాలో మెసేజో వస్తే సంచార్ సాథీలో (టెలికాం శాఖ పోర్టల్) చక్షు అనే ఫిర్యాదు పేజీ ఉంది, అక్కడ పెట్టాలి. పోతే 1930. రెండూ కలిపెయ్యకండి.

ఫేజున్యూట్రల్
మధు గారు బ్యాంకుతో మాట్లాడేలోపు డీబీ ఫోటో చూశాను. బాలేదు. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్చు) లేదు, ఎడమ చివర ఉన్నది ఒట్టి 40 యాంప్ ఐసోలేటరు (చేత్తో ఆపే మెయిన్ స్విచ్చు, దానంతటది పడదు). బాత్రూం అని పెన్సిల్‌తో రాసిన ఎంసీబీ (కరెంటు మోతాదు దాటితే పడిపోయే స్విచ్చు) 32 యాంపులది. పాత ఓనరు గీజర్ పెట్టినప్పుడు ట్రిప్ అవుతోందని ఎవరో పెద్దది వేసిపోయినట్టుంది.

లెక్క చూడండి. గీజర్ 2000 వాట్లు, 230తో భాగిస్తే 8.7 యాంపులు. 3000 వాట్లదైతే 13. దీనికి 16 యాంప్ సాకెట్, కనీసం 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, వీలైతే 4, దానికి 16 యాంప్ ఎంసీబీ. ఎంసీబీ కాపాడేది గీజర్‌ని కాదు, గోడలో ఉన్న వైరుని. పైపులో దూరిన 2.5 వైరు మీద 32 ఎంసీబీ పెడితే 28 యాంపులు లాగినా అది కిక్కురుమనదు. లోపల ఇన్సులేషన్ మాడుతుంటుంది. ట్రిప్ అవుతోందంటే కారణం వెతకాలి గానీ పెద్ద ఎంసీబీ వెయ్యకూడదు.

ఈ గీజర్ లైను పని ఒక్కటి మీరు చెయ్యకండి. స్విచ్చు, ఫ్యానులాంటివి పాతది తీసి అదే కెపాసిటీ కొత్తది పెట్టుకోవచ్చు, సీఈఏ (కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ) నిబంధనల్లో దానికి మినహాయింపు ఉంది. కొత్త లైను లాగడం, డీబీ మార్చడం లైసెన్సున్న కాంట్రాక్టరు పని. 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ కూడా అతనితోనే పెట్టించండి.

గోంగూర_560066
ఎర్తింగ్ సరిగ్గా ఉంటే ఆర్‌సీసీబీ ఎందుకండీ? అదో వెయ్యీ రెండు వేలూ, పైగా వానాకాలం ఊరికే పడిపోతుంటుంది.

ఫేజున్యూట్రల్
రెండూ కావాలి. గీజర్ ఎలిమెంటు పగిలి ఒంటికి కరెంటొస్తే, ఎర్త్ ఉన్నచోట లీకేజీ అటు పోగానే ఆర్‌సీసీబీ పడిపోతుంది, మీరు నీళ్లు తాకేలోపే. ఎర్త్ లేకపోయినా పడుతుంది, కాకపోతే ఆ కరెంటు మీలోంచి వెళ్లాక. ఎర్త్ ఉండి ఆర్‌సీసీబీ లేకపోతే, పాత అపార్టుమెంట్లో ఎర్త్ పిట్ ఎండిపోయినప్పుడు ఎంసీబీని పడగొట్టేంత కరెంటు పారదు.

వానాకాలం పడుతోందంటే ఎక్కడో తడి లీకేజీ ఉంది, అది చెప్పడమే దాని పని. ఇంకోటి, ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే ఆర్‌సీసీబీకి మీరు కూడా ఒక బల్బే. అదేం కాపాడదు. నెలకోసారి దాని మీదున్న టి బటన్ నొక్కండి. పడకపోతే మార్చెయ్యాలి.

డ్రిల్లుబిట్టు
గోడ గురించి ఎవరూ అనలేదు. 25 లీటర్లంటే నీళ్లే 25 కిలోలు, ఒళ్లు ఇంకో పది. 35 కిలోలు తలమీద వేలాడుతుంటాయి. ముందు ఏ గోడో తెలుసుకోవాలి. చిన్న బిట్‌తో ఓ మూల బెజ్జం వేసి పొడి చూడండి. ఎర్రగా వస్తే ఇటుక, బూడిద రంగైతే సిమెంటు బ్లాకు, తెల్లగా మెత్తగా పిండిలా రాలితే ఏఏసీ (గాలి బుడగలతో చేసిన తేలికపాటి బ్లాకు). బిట్ దిగనే దిగకపోతే కాంక్రీటు గోడ.

ఏఏసీలో మామూలు యాంకర్ బోల్టు బిగిస్తే వ్యాకోచించి బ్లాకునే పగలగొడుతుంది. ఆ రోజు ఊడదు, ఆరు నెలలకి వదులవుతుంది. దానికి ఏఏసీ కోసం చేసిన పొడుగాటి నైలాన్ ప్లగ్గులు గానీ కెమికల్ యాంకర్ గానీ వాడాలి, హ్యామర్ మోడ్ వద్దు. లోపల బోలు లేని సిమెంటు బ్లాకుకీ కాంక్రీటుకీ గీజర్‌తో వచ్చిన బోల్టులు సరిపోతాయి. ప్లగ్గెంతో బిట్టంత, లోతు ప్లగ్గు కంటే సెంటీమీటరు ఎక్కువ. పొడి ఊదెయ్యాలి, పొడి ఉన్న బెజ్జంలో ప్లగ్గు పట్టదు.

టైలు మీద మాస్కింగ్ టేపు అంటించి, టైల్ బిట్‌తో హ్యామర్ లేకుండా మొదలుపెట్టండి. టైలు దాటాకే హ్యామర్. స్విచ్ బోర్డుకి నిట్టనిలువుగా పైనా కిందా, మిక్సరు కుళాయికి సరిగ్గా పైన అస్సలు వెయ్యకండి. పైపులు అక్కడే దూరి ఉంటాయి.

చిత్తూరోడు
గోడలో సీపీవీసీ నీళ్ల పైపుకి బెజ్జం పెడితే గీజర్ లేకుండానే స్నానం అయిపోతాది.

నల్లాబాబాయ్
నీళ్ల సంగతి నేను చెప్తా. గీజర్‌తోని వచ్చే ఇత్తడి వాల్వు చల్ల నీళ్ల ఇన్‌లెట్‌కే, అది నీలం రంగు గుర్తు. వేడెక్కుతుంటే దాని సందులకెళ్లి చుక్కలు పడ్తయ్. కారుతుందని దానికి మేకు కొట్టి మూసేటోళ్లున్నరు. అది ప్రెషర్ బయటికి పొయ్యే తొవ్వ. మూస్తే, థర్మోస్టాట్ ఎప్పుడన్న అతుక్కపోయిననాడు ట్యాంకు బాంబే. దానికో సన్న పైపు పెట్టి డ్రెయిన్‌ల వదలుండ్రి. ఔట్‌లెట్ పైపు మీద వాల్వు పెట్టొద్దు.

బిగించినంక కరెంటియ్యకుండ్రి. వేడి నీళ్ల కుళాయి ఇప్పి గాలంతా పొయ్యి ధారగ వచ్చేదాక ఆగాలె. ఖాళీ ట్యాంకుల ఎలిమెంటు నిమిషాల్ల మాడుతది, వారంటీ కూడా ఇయ్యరు. ప్రెషర్ పంపున్న అపార్టుమెంటైతే 8 బార్ రేటింగ్ ఉన్నదే తీస్కోవాలె. మారతహళ్లి దిక్కు బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లే ఎక్కువ, సున్నం పేరుకుంటది. ఏడాదికోసారి ఎలిమెంటు, మెగ్నీషియం రాడ్డు ఇప్పి చూడాలె.

మారతహళ్లి_మధు
కార్డు, యూపీఐ ఆపారు. 1930లో ఫిర్యాదు నంబరు వచ్చింది. ఫోన్ రీసెట్ అవుతోంది, ల్యాప్‌టాప్ నుంచి రాస్తున్నా. పాస్‌వర్డ్లు మార్చాను.
గీజర్ లైనుకి మనిషిని పిలుస్తా సరే. స్మార్ట్ స్విచ్చులైనా నేనే పెట్టుకోవచ్చుగా? మెయిన్ ఆపేసి టెస్టరుతో చూసి చేస్తాను. అమెరికా అతని వీడియో ఒకటి చాలా వివరంగా ఉంది.

ఫేజున్యూట్రల్
అమెరికా వీడియోతో మన బోర్డు విప్పకండి దయచేసి. అక్కడ నల్ల వైరు ఫేజు. మన పాత ఇళ్లలో నలుపు న్యూట్రల్, ఎరుపు ఫేజు, ఆకుపచ్చ ఎర్త్. వస్తువులతో వచ్చే తీగలైతే బ్రౌన్ ఫేజు, నీలం న్యూట్రల్, పచ్చా పసుపూ చారలది ఎర్త్. రీసేల్ ఫ్లాటులో రంగుని నమ్మడానికే లేదు, చివర్లో ఏ ముక్క మిగిలితే అది లాగేస్తారు.

మెయిన్ ఆపితే చాలదు. ఇన్వర్టరు ఉందా? ఉంటే మెయిన్ దించిన క్షణంలో అది ఎత్తుకుంటుంది, హాలు లైట్లు సాధారణంగా దాని మీదే ఉంటాయి. ఇన్వర్టరు ముందున్న బటన్ ఒక్కటే ఆపినా చాలదు, బ్యాటరీ సప్లై ఆగినా బయటి కరెంటు బైపాస్‌లో వస్తూనే ఉంటుంది. మెయిన్ దించాలి, ఇన్వర్టరు బటన్ ఆపాలి, దాని అవుట్‌పుట్ ప్లగ్గు పీకాలి. మెయిన్ దగ్గర "పని జరుగుతోంది" అని చీటీ అతికించి ఇంట్లోవాళ్లకి చెప్పాలి. ఫ్యాను ఆగిందేంటని ఎవరో వచ్చి ఎత్తేస్తారు.

గోంగూర_560066
టెస్టరు వెలగలేదంటే కరెంటు లేనట్టే కదా. ఇంత హంగామానా?

ఫేజున్యూట్రల్
నియాన్ టెస్టరు వెలగాలంటే మీ ఒంట్లోంచి చిటికెడు కరెంటు నేలకి పోవాలి. రబ్బరు చెప్పులతో ప్లాస్టిక్ స్టూలెక్కితే మసగ్గా వెలుగుతుంది, పగటి వెలుతురులో కనపడదు. లోపల రెసిస్టరు పోయిన టెస్టరు అసలు వెలగదు. ఇంకో వైపు, న్యూట్రల్ తెగి ఉంటే న్యూట్రల్ మీదా వెలిగి కంగారు పెడుతుంది.

మల్టీమీటరు కొనండి, దాని మీద క్యాట్ 3 (ఇంటి వైరింగ్‌కి తగిన భద్రతా తరగతి), 600 వోల్టులు అని ఉండాలి. ఎర్ర తీగ వోల్టుల రంధ్రంలోనే, 10 యాంప్ రంధ్రంలో ఉంచి సాకెట్లో పెడితే షార్టే. ఏసీ రేంజిలో ముందు కరెంటున్న సాకెట్లో చూడండి, 230 దగ్గర రావాలి. తర్వాత మీరు విప్పబోయే బోర్డు. మళ్లీ మొదటి సాకెట్టు తరహాలో కరెంటున్నచోట. మూడోసారి ఎందుకంటే మధ్యలో మీటరే పోయిందేమో తెలియాలి. ఫేజు న్యూట్రల్, ఫేజు ఎర్త్, న్యూట్రల్ ఎర్త్ మూడు జతలూ చూడాలి. మూడు ఫేజుల ఫ్లాటైతే ఒకే బోర్డులోకి రెండు ఫేజులు తెచ్చిపెట్టినవాళ్లూ ఉంటారు, వాటి మధ్య 400 వోల్టులు.

రౌటరమ్మ
మాడ్యూల్ కొనేముందు బోర్డులో న్యూట్రల్ ఉందో లేదో చూశారా? మన బోర్డుల్లో సాకెట్టు ఉంటేనే న్యూట్రల్ వస్తుంది, ఒట్టి స్విచ్చులకి ఫేజు మాత్రమే.

ఫేజున్యూట్రల్
అదే అసలు చిక్కు. న్యూట్రల్ లేదని ఎర్త్ తీగని న్యూట్రల్‌గా వాడే వీడియోలు బోలెడు. అలా చేస్తే ఎర్త్ ఎక్కడ వదులైనా ఇంట్లో ఫ్రిజ్ ఒళ్లూ, గీజర్ ఒళ్లూ అన్నీ ఫేజుకి వచ్చేస్తాయి. పక్క బోర్డులోంచి, అదీ ఇన్వర్టరు లైనులోంచి న్యూట్రల్ అరువు తెచ్చుకుంటే ఆర్‌సీసీబీ నిలబడదు. వెళ్లిన కరెంటు వెళ్లిన దారినే తిరిగి రాకపోతే అది లీకేజీ అనుకుంటుంది. న్యూట్రల్ అక్కర్లేని మాడ్యూళ్లున్నాయి, చిన్న ఎల్‌ఈడీలు ఆపినా మినుకుమినుకుమంటాయి. దానికి వాళ్లిచ్చే కెపాసిటరు బల్బుకి ప్యారలల్‌గా, అంటే బల్బు రెండు తీగల మధ్య, పెట్టాలి. 10 యాంప్ మాడ్యూల్‌తో గీజర్ ఆన్ చేసే ఆలోచన ఉంటే మానండి, రిలే కాంటాక్టులు అతుక్కుపోతాయి. యాప్‌లో ఆఫ్ అని కనపడుతుంది, గీజర్ కాగుతూనే ఉంటుంది.

డ్రిల్లుబిట్టు
సామాన్లు ఎస్పీ రోడ్డులో (బెంగళూరు ఎలక్ట్రికల్ సామాన్ల బజారు) కొంటారేమో. వైరుకి ఐఎస్ 694, ఎంసీబీకి ఐఎస్ 60898, ఆర్‌సీసీబీకి ఐఎస్ 12640. ఐఎస్‌ఐ గుర్తొక్కటే చూడకండి, దాని కింద సీఎం/ఎల్ అని లైసెన్సు నంబరుండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఆ లైసెన్సు ఎవరిదో చెబుతుంది. ఆన్‌లైన్లో సగం ధరకి వచ్చే ఎంసీబీలకి ఈ పరీక్ష తప్పనిసరి.

చిత్తూరోడు
కొట్టు ముందర నిలబడి యాప్‌లో నంబరు కొడితే షాపాయన మొహం చూడాల. ధర దానంతట అదే తగ్గుతాది.

మారతహళ్లి_మధు
గ్రైండర్‌తో గోడలో సన్న గాడి కోసి న్యూట్రల్ లాగితే?

డ్రిల్లుబిట్టు
అద్దెకి తెచ్చిన గ్రైండరా? గార్డు ఉందో లేదో ముందు చూడండి, అద్దెవాటికి సగం ఉండవు. నాలుగంగుళాల గ్రైండరు నిమిషానికి పదకొండు వేల చుట్లు తిరుగుతుంది. డిస్కు మీద రాసిన ఆర్‌పీఎం అంతకంటే ఎక్కువుండాలి. కోతకి వాడే రెసిన్ డిస్కుల మధ్య రేకు రింగు మీద గడువు తేదీ ఉంటుంది, దాటితే పారెయ్యండి. పళ్లున్న చెక్క బ్లేడు గ్రైండరుకి బిగిస్తే ఎక్కడో ఓచోట పట్టుకుని మీ వైపే తంతుంది. గాడికి డైమండ్ బ్లేడు, కళ్లద్దాలు, ఎన్95 మాస్కు. గుడ్డ మాస్కు సిలికా దుమ్ముని ఆపదు. వదులు చొక్కా, నూలు గ్లవ్స్ వద్దు, చుట్టుకుంటాయి. బీమూ, పిల్లర్ల జోలికి పోకండి, మీది కాదు అపార్టుమెంటుది.

నన్నడిగితే గాడి కూడా ఆ లైసెన్సాయనకే వదిలెయ్యండి, ఎలాగూ లైను లాగడానికి వస్తాడు.

నల్లాబాబాయ్
టైల్స్ మీద సిమెంటు మరకలు పోవాలని యాసిడ్ పోస్తరు కదా, దాని మీద బ్లీచింగ్ పౌడర్ మాత్రం చల్లకుండ్రి. క్లోరిన్ గ్యాస్ లేస్తది. తలుపేసిన బాత్రూంల రెండు నిమిషాలు చాలు.

రౌటరమ్మ
మిగిలింది కెమెరా. ఇది మీరే చేసుకోవచ్చు. పెట్టగానే డీఫాల్ట్ పాస్‌వర్డ్ మార్చండి, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చెయ్యండి. రౌటర్లో యూపీఎన్‌పీ (పరికరాలు వాటంతటవే బయటి ఇంటర్నెట్‌కి దారి తెరుచుకునే సెట్టింగు) ఆపండి, పోర్ట్ ఫార్వర్డింగ్ (ఆ దారి మనమే తెరవడం) చెయ్యమని ఏ వీడియో చెప్పినా వినకండి. గెస్ట్ వైఫై సృష్టించి కెమెరా, స్విచ్చులు అందులో పెట్టండి, ల్యాప్‌టాప్ ఉన్న నెట్‌వర్కులో కాదు. ఇవి చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ మీదే కలుస్తాయి, 5లో వెతికి పాడైందనుకోవద్దు. యాప్ ఖాతాకి రెండంచెల లాగిన్ పెట్టండి. పాత ఓనరు వదిలేసిన కెమెరా, డోర్‌బెల్ ఏదైనా ఇంట్లో ఉంటే రీసెట్ చెయ్యకుండా వాడొద్దు, అది ఆయన ఖాతాకే కట్టి ఉంటుంది. ఎదురింటి తలుపు ఫ్రేములో పడకుండా తిప్పండి.

ముఖ్యమైనది ఇంకోటి. మీరు పెట్టిన డీబీ ఫోటోలో కింద బల్ల మీద రౌటరు వెనక్కి తిరిగి ఉంది. స్టిక్కరు జూమ్ చేస్తే వైఫై పేరు, పాస్‌వర్డ్, సీరియల్ నంబరు చదవొచ్చు. పక్కన గీజర్ డబ్బా మీద కొరియర్ లేబుల్, ఫ్లాటు నంబరుతో సహా. ఫోటో తీసేసి, డీబీ వరకే కత్తిరించి పెట్టండి. రౌటరు అడ్మిన్ పాస్‌వర్డ్, వైఫై పాస్‌వర్డ్ రెండూ మార్చండి.

పాతకాపు
లేబుల్ మీద ఫోన్ నంబరు కూడా. "మీ గీజర్ డెలివరీ గురించి" అని రేపు కాల్ వస్తే ఆశ్చర్యపోకండి. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, రీఫండ్ అంటూ పిన్ అడిగితే పోయేది మీ డబ్బే.

మారతహళ్లి_మధు
అయ్యో, చూసుకోలేదు. పాస్‌వర్డ్లు రెండూ మార్చాను. గీజర్ కంపెనీకి వారంటీ కార్డు మీది నంబరుకి చేశాను, శనివారం మనిషి వస్తానన్నాడు. ఆర్‌సీసీబీ, 16 ఎంసీబీ, 4 స్క్వేర్ లైను లైసెన్సు ఎలక్ట్రీషియన్‌కి. హాలు బోర్డులో న్యూట్రల్ ఉందో లేదో మీటరుతో చూసి చెప్తా, ఇన్వర్టరు పీకాకే. కెమెరా నేనే. అందరికీ థాంక్స్.

నల్లాబాబాయ్
ఆ మనిషి వచ్చినప్పుడు వాల్వు ఇన్‌లెట్‌కే పెట్టిండో లేదో నిలబడి చూడుండ్రి.

రౌటరమ్మ
మధు గారూ, ఫోటో ఇంకా అలాగే ఉంది.